పెళ్ళి నడకకి తగిన రేడియేటరు

పాత అంబాసిడర్ కారుకి రేడియేటరు ఎంచుకోవడం కోసం ఒక పగలంతా కోనసీమ చుట్టి రావాల్సి వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు. నాలాగే పాత కారుని అమ్మడం ఇష్టంలేక అట్టే పెట్టుకున్నవాళ్ళు మా వైపు ఇంకా ఉన్నారు. వాళ్ళకి పనికొస్తుందని బస్సుల వేళలతో సహా రాస్తున్నాను. మధ్యలో నా గొప్ప కూడా కొంత చెప్పుకుంటాను. చెప్పుకోదగ్గ గొప్పే కాబట్టి నాకు మొహమాటం లేదు.

ముందు కారు సంగతి. నేను రాజోలు దగ్గర ఒక హైస్కూల్లో ముప్పై రెండేళ్ళు సైన్సు టీచరుగా చేసి రిటైరయ్యాను. ఇరవై ఆరేళ్ళ కిందట ఒక రైసుమిల్లు యజమాని దగ్గర ఈ డీజిల్ కారుని పాతదే కొన్నాను. అప్పట్లో మా పేటలో పెళ్ళయితే పెళ్ళికూతురు చర్చికి నడిచే వెళ్ళేది. అద్దె కారు అడిగితే "మీ వీధిలో కారు తిరగదండీ" అనేవారు. పాలవ్యాను తిరిగేది, కొబ్బరికాయల ట్రాక్టరు తిరిగేది, పెళ్ళికారు మాత్రం తిరిగేది కాదు! నాకు ఒళ్ళు మండిపోయింది. దాచుకున్నదంతా పెట్టి కారు కొన్నాను. నలభై రోజులు డ్రైవింగు నేర్చుకున్నాను. మొదటి పెళ్ళికూతుర్ని నేనే ఎక్కించుకుని ఆ వీధిలో రెండుసార్లు తిప్పాను. ఒకసారి తిప్పితే సరిపోయేదే. రెండోసారి కావాలనే తిప్పాను.

అప్పటినుంచి అదొక ఆనవాయితీ అయింది. మా పేట పెళ్ళికూతురు చర్చికి నా కారులోనే వెళ్ళాలి. ముందు బ్యాండు, వెనక జనం, మధ్యలో కారు మనిషి నడకన సాగాలి. చర్చి గేటు దగ్గర పిల్లని దింపేస్తే మా పని అయిపోతుంది. అక్కణ్ణుంచి అత్తారింటికి పెళ్ళికొడుకు తరఫువాళ్ళ బండి. ఇలా నలభై ఒక్కమంది వెళ్ళారు.

నలభై రెండో పెళ్ళికూతురు దీవెన. నా దగ్గరే చదువుకుంది, ఇప్పుడు ఆసుపత్రిలో నర్సు. పెళ్ళికొడుకుది ముమ్మిడివరం. అతని తండ్రి ప్రకాశరావుగారికి చేపల చెరువులున్నాయి. ఆయన ఫోను చేసి, "ఎండలు మండిపోతున్నాయి కదండీ, మా కొత్త కారు పంపిస్తానండి, ఏసీ ఉందండి" అన్నారు. "మా కారుందండీ" అన్నాను, కాస్త బిగువుగానే. దీవెన ఇంకో అడుగు ముందుకేసింది. "టీచరుగారి కారు మధ్యలో ఆగిపోతే దిగి నడిచెళ్తాను గానీ, ఇంకో కారు ఎక్కను" అనేసింది. విన్నవాళ్ళంతా మెచ్చుకున్నారు. నేను మాత్రం వెళ్ళి బానెట్టెత్తి చూసుకున్నాను. అప్పటికే మా రేడియేటరు కారుతోంది మరి.

పెళ్ళి శనివారం. మంగళవారం కారు పూర్తిగా మొరాయించింది. మా మెకానిక్కు సూర్యం రేడియేటరు ఊడదీసి చూసి పెదవి విరిచాడు.

"టీచరుగారండీ, దీనికింక మాట్లెయ్యలేనండి. మార్చెయ్యాలండి. పాతది కూడా పట్టుకెళ్ళండి. కొలత చూడకుండా ఏదీ కొనకండి."

చీటీ కూడా రాసిచ్చాడు. అమలాపురంలో ఒక స్పేరు పార్టుల కొట్టు. అక్కడ దొరక్కపోతే మురమళ్ళలో ఒక రాజుగారు. ఆయన దొడ్లో ఇలాంటి కారే నడవకుండా పడి ఉందట. ఆదివారం జరిగిన ఒక సంగతి మాత్రం నేను సూర్యానికి చెప్పలేదు. మీకూ ఇప్పుడే చెప్పను, కాస్త ఆగండి.

గురువారం పొద్దున్న ఆరూ నలభైకి ఇంట్లోంచి బయల్దేరాను. రేడియేటరుని గోనెసంచిలో పెట్టి మా మరదలు మూతి కుట్టేసింది. పది కిలోలకి తక్కువుండదు. ఆటోలో రాజోలు బస్టాండుకి వచ్చి ఏడూ పదికి అమలాపురం పల్లెవెలుగు ఎక్కాను. ఇప్పుడు మా రాష్ట్రంలో ఆడవాళ్ళకి ఈ బస్సులు ఉచితం కదా, కండక్టరు ఆధార్ కార్డు చూసి నాకు సున్నా టిక్కెట్టు కొట్టాడు. తర్వాత సంచి వైపు చూశాడు.

"అందులో ఏటండీ?"

"కారు రేడియేటరు బాబూ."

"మీకు ఫ్రీ అండి. దానికి లేదండి" అని ఇరవై రూపాయల లగేజీ టిక్కెట్టు చింపి ఇచ్చాడు. న్యాయమే, నేనేం వాదించలేదు.

తాటిపాక దాటాక నా పక్కన కూర్చున్నావిడ కాళ్ళు పైకి లాక్కుంది. పూలబుట్టతో అమలాపురం వెళుతోంది.

"అమ్మ బాబోయ్, చీమలండీ! బెల్లం పట్టుకెళ్తన్నారాండీ?"

"బెల్లం కాదండి, రేడియేటరు."

"రేడియేటరుకి చీమలు పడతాయాండీ?"

ఆవిడ అడిగింది సబబైన ప్రశ్నే. జవాబు నాకు తెలుసు కూడా. తెలిసే కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నాను. బోడసకుర్రు వంతెన మీద వైనతేయ గాలి హాయిగా తగిలింది. ఆవిడ మాత్రం అమలాపురం దాకా బుట్ట ఒళ్ళోనే పెట్టుకుంది.

ఎనిమిదీ ఇరవైకి అమలాపురంలో దిగాను. కొట్టు తొమ్మిదిన్నరకి గానీ తెరవరు. బస్టాండు దగ్గర హోటల్లో పెసరట్టు, అల్లం పచ్చడి, కాఫీ తీసుకున్నాను. డెబ్భై రూపాయలయింది. పెసరట్టు బాగుంది. కాఫీ గురించి మాట్లాడకపోవడం మంచిది.

కొట్టాయన నలభై లోపు మనిషి, మర్యాదస్తుడు. కుర్చీ వేసి, ఫ్యాను నా వైపు తిప్పి, అట్టపెట్టెలోంచి తళతళలాడే అల్యూమినియం రేడియేటరు తీశాడు. కిందా పైనా నీళ్ళు నిలిచే తొట్లు ప్లాస్టిక్కువి.

"ఇది పెట్టండి మేడం గారూ. దూదిపింజండి. హైవే మీద ఎంత తోలినా చల్లగా ఉంటాదండి. ఏడాది గ్యారంటీ అండి."

ఒంటి చేత్తో ఎత్తి చూశాను. నిజంగానే తేలిక. ధర నాలుగువేల అయిదొందలు. పదింటికల్లా పనయిపోతుంది, మధ్యాహ్నం భోజనానికి ఇంటికెళ్ళిపోవచ్చు అని మనసు లాగింది. కానీ ముప్పై రెండేళ్ళు పిల్లల చేత స్కేలు పట్టించినదాన్ని, ఊరికే ఉంటానా? సంచి విప్పి, నా చేతిసంచిలోంచి టేపు తీసి, రెండూ పక్కపక్కన పెట్టి కొలిచాను. ఎత్తు సరిపోయింది. బోల్టుల కన్నాలు సరిపోయాయి. కింద గొట్టం మూతి మాత్రం మా దానికి ఒకవైపు ఉంటే దీనికి రెండోవైపు ఉంది.

"పొడుగు హోసేసి తిప్పుకోండి మేడం గారూ, ఎడ్జస్టయిపోద్దండి."

"ఎటునుంచి తిప్పమంటారు?"

"ఫ్యాను కిందనుంచండి."

"ఫ్యాను రెక్క తగిలి హోసు కోసేస్తే?"

ఆయన బుర్ర గోక్కున్నాడు. "ఉన్నమాట చెప్పాలంటే ఇది పెట్రోలు బండిదండి. డీజిలు బండివి మాకు రావడం మానేశాయండి" అన్నాడు. అమ్ముకునేవాడు ఆ మాట ఒప్పుకున్నందుకు నాకు ముచ్చటేసింది. టీ తెప్పిస్తానంటే వద్దనలేదు.

పదీ నలభైకి మురమళ్ళ మీదుగా వెళ్ళే బస్సు దొరికింది. ముందు సీట్లో తల్లీ కొడుకూ కూర్చున్నారు. కొడుక్కి ముప్పై దాటి ఉంటాయి. వీరేశ్వరస్వామికి కళ్యాణం చేయిస్తే పెళ్ళి కుదురుతుందని వెళుతున్నారు. ఆ తల్లి వెనక్కి తిరిగి, "మీరండీ?" అని అడిగింది.

"నేనూ పెళ్ళి పనిమీదేనండి" అని సంచి చూపించి కథంతా చెప్పాను.

"అయితే మావోడికి కుదిరితే మీ కారు పంపుతారాండీ?"

"మా పేట పెళ్ళికూతుళ్ళకేనండి. పిల్లని మా పేటలో చూసుకోండి, కారు దానంతటదే వస్తుంది."

ఆవిడ మళ్ళీ ముందుకి తిరిగిపోయింది. కొడుకు మాత్రం కిటికీ వైపు మొహం పెట్టి నవ్వుకుంటున్నాడు. ముమ్మిడివరం దాటుతుంటే దీవెన అత్తారి ఊరు ఇదే కదా అని అటూ ఇటూ పరకాయించి చూశాను. ఊరు బాగానే ఉంది.

మురమళ్ళలో పదకొండున్నరకి దిగి, ముప్పై రూపాయలకి ఆటో మాట్లాడుకుని రాజుగారి ఇంటికి వెళ్ళాను. డెబ్భై అయిదు పైబడ్డ మనిషి. ఎందుకొచ్చానో అడక్కుండానే మజ్జిగ ఇప్పించారు.

"ఎండనపడి వచ్చేరు, ముందు చల్లబడండమ్మా. ఇనుము ఎక్కడికీ పోదు."

కొబ్బరి డొక్కల గుట్ట పక్కన కారు ఉంది. టైర్లు నేలకి దిగిపోయాయి. ఆయన మాత్రం దాని తలుపు మీద చెయ్యి వేసి, మనవడి గురించి చెప్పినట్టు చెప్పుకొచ్చారు. దీంట్లో మద్రాసు మూడుసార్లు వెళ్ళారట, ఒక్కసారీ ఆగలేదట. నేనూరుకుంటానా?

"మా బండి నలభై ఒక్క పెళ్ళిళ్ళు చేసిందండి."

"నలభై ఒకటా!" అని రాజుగారు నా వైపు తేరిపార చూశారు. "ఆయ్, అయితే మీదే గొప్పమ్మా" అన్నారు. అన్నందుకు వెంటనే నాకు ఆయన మీద గౌరవం పెరిగిపోయింది.

ఆ కారు రేడియేటరు చూడ్డానికి బాగుంది. పైతొట్టి ఇత్తడిది, గుడ్డతో తుడిస్తే మెరిసింది. కానీ గొట్టాల మధ్య ఉండే సన్నటి రేకుల జాలీని గోటితో నొక్కితే బూడిదలా రాలిపోయింది. రాజుగారు ముఖం చిన్నబుచ్చుకుని, "సముద్రపు గాలమ్మా. దేన్నీ ఉండనివ్వదు" అన్నారు. ఆయన్ని అలా చూడలేక నేనే మాట మార్చి, మీ బండి బాగు చేయించినప్పుడు ఎక్కడికి పంపేవారని అడిగాను.

"కొత్తపేటలో మస్తాన్ గారని ఉన్నారమ్మా. ఆయన కొత్తవి అమ్మరు. ఉన్నదాన్నే కొత్తది చేస్తారు."

భోంచేయకుండా కదలనివ్వలేదు. ముద్దపప్పు, వంకాయ కూర, కొత్తావకాయ, గడ్డపెరుగు. చేతులు కడుక్కుంటుంటే రాజుగారు వాళ్ళ రేడియేటరు మూత తెచ్చి నా చేతిలో పెట్టారు. స్ప్రింగు గట్టిగా ఉంది. "ఇదైనా మీ పిల్ల పెళ్ళికి రానివ్వండి" అన్నారు. మూత చేతిసంచిలో వేసుకుని, దణ్ణం పెట్టి వచ్చేశాను.

ఒంటిగంటా ఇరవైకి బస్సెక్కి రెండూ పదిహేనుకి మళ్ళీ అమలాపురం. రెండున్నరకి రావులపాలెం బస్సు. ముక్కామల, పలివెల దాటి కొత్తపేట చేరేసరికి మూడూ ముప్పై అయిదు. ఆ వేళకి బస్సులో సీటు కమ్మీ ముట్టుకుంటే చెయ్యి కాలుతోంది. ఈ దారిన వెళ్ళేవాళ్ళు నీళ్ళసీసా మర్చిపోకండి.

మస్తాన్ గారిది రోడ్డు పక్కన రేకుల షెడ్డు. మధ్యలో పెద్ద నీళ్ళతొట్టి, గోడ పొడుగునా వేలాడే రేడియేటర్లు, ఒక మూల మంట చిమ్మే దీపం. అరవై అయిదేళ్ళ సన్నటి మనిషి. నా సంచి వైపు చూడకుండా నన్నే అడిగారు.

"బండి ఏ పనికి తిరుగుద్దండీ?"

"పెళ్ళిళ్ళకండి."

"ఎంత స్పీడు మీదండీ?"

"బ్యాండువాళ్ళు ఎంత నడిస్తే అంతండి" అని, అమలాపురం కొట్లో చూసినదాని సంగతి కూడా చెప్పాను.

ఆయన చేతిలో ఉన్న పటకారు కింద పెట్టేశారు. "అదండీ అసలు సంగతి. అది చెప్పకుండా రేడియేటరు కొనకూడదండి. అమలాపురంలో మీరు చూసింది మంచిదేనండి, స్పీడు మీదెళ్ళే బండికండి. మీ బండికి ఎదురుగాలి ఎక్కడిదండీ? ఫ్యాను ఎంత లాగితే అంతే."

నాకు వెంటనే అర్థమైంది. అర్థమైనప్పుడు నాకు తొందరెక్కువ.

"అయితే అయిదు వరసల గొట్టాలతో వెయ్యండి. ఖర్చయినా పరవాలేదు" అంటూ సంచి విప్పాను.

"వద్దండి. అయిదేస్తే మందమైపోయి ఫ్యాను గాలి లాగలేదండి. నాలుగు చాలండి, జాలీ కాస్త పల్చగా వేస్తాను. పైనా కిందా మీ ఇత్తడి తొట్లే ఉంచుతాను, ఇలాంటి సరుకు ఇప్పుడు రాదండి. మధ్యలో రాగిది కొత్తదేస్తాను. మీ కన్నాలు మీకే, మీ మూతులు మీకే. ఫ్యాను చుట్టూ రేకు గూడు ఉందాండీ?"

"గలగలమంటోందని రెండేళ్ళ కిందట తీయించేశానండి."

"మళ్ళీ పెట్టించండి. అది లేకపోతే ఫ్యాను తిరిగిన గాలే తిరుగుతా ఉంటాదండి."

నాలుగు వరసలు, రాగి, పల్చటి జాలీ, రేకు గూడు. పొద్దున్నించి వెతుకుతున్నది ఒక్క ప్రశ్నతో తేలిపోయింది. ఇలాంటి మేష్టారు మా స్కూల్లో ఒక్కరున్నా బాగుండేదనిపించింది.

అప్పుడాయన దీపం వెలిగించి, అతుకు కరిగించి పైతొట్టి ఊడదీశారు. గుప్పున పులిసిన వాసన. గొట్టాల మూతుల మీద గోధుమరంగు జిగురు, అందులో తెల్లటి మీగడ తెట్టెలు. మస్తాన్ గారు వేలితో కొంచెం తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నారు.

"ఇందులో ఏం పోసేరండీ?"

"నీళ్ళే" అన్నాను.

"ఆయ్, నీళ్ళేనండి" అన్నారు ఆయన. వేలు గుడ్డకి తుడుచుకుంటూ మళ్ళీ అన్నారు. "నీళ్ళే అయితే బెంగలేదండి. ఇంజనులో కూడా ఆ నీళ్ళే ఉంటాయి కదండీ, కడగక్కర్లేదు. ఇది తీసుకెళ్ళి బిగించేసుకోండి."

రేడియేటరు ఊడదీస్తే సరిపోయిందా? ఇంజను లోపలంతా అదే జిగురు ఉంటుంది. కొత్తదాంట్లోకి అదే వస్తుంది. శనివారం ఎండలో, బ్యాండు మధ్యలో, ప్రకాశరావుగారి బంధువులంతా చూస్తుండగా పిల్ల పట్టుచీరతో కారు దిగి నడుస్తుంది. ఆ పిల్ల అన్నంత పనీ చేస్తుంది, నాకు తెలుసు. నా పరువు పట్టుకుని వేలాడితే ఆ పిల్ల నడవాలి.

"కొబ్బరినీళ్ళండి" అన్నాను.

సంగతి ఇదీ. ఆదివారం సఖినేటిపల్లి రేవు దగ్గర దీవెన అమ్మమ్మగారికి శుభలేఖ ఇచ్చి వస్తున్నాను. మూడు మైళ్ళు రాగానే కారు ఆవిరి కక్కింది. చుట్టూ నీళ్ళే, కానీ అన్నీ రొయ్యల చెరువుల ఉప్పునీళ్ళు. ఉప్పునీళ్ళు పోస్తే తుప్పు పడుతుందని నాకు తెలుసు, సైన్సు టీచర్ని కదా! పక్కనే కాయలు ఒలిచేవాళ్ళున్నారు. "తియ్యటి నీళ్ళండి, కొట్టి పోసేయమంటారా?" అన్నారు. భేషుగ్గా పోయమన్నాను. ఇరవై రెండు కాయలు కొట్టించి, పల్చటి గుడ్డతో వడగట్టించి మరీ పోయించాను. కారు ఇంటికి చేరింది. ఎంత తెలివైన పని చేశానో అని రెండు రోజులు నాలో నేనే మురిసిపోయాను. చదవేస్తే ఉన్న మతి పోయిందంటే ఇదే.

చెప్పడం పూర్తయ్యేసరికి మస్తాన్ గారు నీళ్ళతొట్టి అంచు పట్టుకుని నవ్వుతున్నారు.

"ఈ వేసవిలో మీరు మూడోవారండి. మీ ముందరాయన డాక్టరుగారండి. గోదారవతల మా బావమరిదిదీ ఇదే పనండి, ఆయనకి ఇలాంటిది ఒక్కటీ రాలేదంటండి. ఇది అచ్చంగా మన కోనసీమ జబ్బండి."

డాక్టరుగారని విన్నాక నాకు కాస్త ఊపిరాడింది. తర్వాత ఆయన నవ్వు మానేసి గట్టిగా చెప్పారు. చాకలి సోడా వేసిన వేడినీళ్ళతో ఇంజనుని మూడుసార్లు కడగాలి. హోసులు మార్చాలి. బోరునీళ్ళు ముట్టకూడదు, మనం తాగే టిన్నునీళ్ళే పోయాలి. "మీరీమాట చెప్పకపోతే, నేను చేసింది కూడా చర్చికి చేరేలోపే మూసుకుపోయేదండి" అన్నారు.

పని అయ్యేసరికి ఆరూ ఇరవై. గొట్టాల మూతులు బిగించి, గాలి పట్టించి, నీళ్ళతొట్టిలో ముంచి నాకు రెండుసార్లు చూపించారు. ఒక్క బుడగ రాలేదు. ఆరువేల రెండొందలయింది, రూపాయి బేరమాడలేదు. నల్లరంగు వేసేముందు మా పాత ఇత్తడి తొట్ల మధ్య ఆ కొత్త రాగిని చూస్తుంటే, మా స్కూలు పిల్లలు జిల్లా ఫస్టు వచ్చినప్పుడు కలిగిన పొగరే మళ్ళీ కలిగింది.

ఆరూ నలభైకి రాజోలు బస్సు. గన్నవరం అక్విడెక్టు మీద ఉండగా దీవెన ఫోను చేసింది.

"టీచర్, దొరికిందాండీ?"

"దొరకలేదు. చేయించాను."

"చెప్పండి, నేను నడవాలా?" నవ్వుతూనే అడిగింది గానీ గొంతులో బెదురుంది.

"నడవాల్సి వస్తే నీ పక్కన నేనూ నడుస్తాను. ఆ అవసరం రాదు, వెళ్ళి పడుకో."

ఎనిమిదింటికి ఇల్లు చేరాను. లాడ్జి ఖర్చు లేదు.

శుక్రవారం సూర్యానికి కూడా నిజం చెప్పేశాను. "అందుకేనా అండీ, ఊడదీసినప్పుడు నా చేతుల నిండా చీమలెక్కేయి!" అన్నాడు. మొదటి కడుగుకి ఇంజనులోంచి బెల్లం పానకంలా వచ్చింది. రెండోసారికి పలచబడింది. మూడోసారికి తేటగా వచ్చింది. మూత రాజుగారిచ్చిందే బిగించాం. రేకు గూడు కోసం వెతికితే, మా మరదలు దాన్ని పెరట్లో పొయ్యికి గాలి తగలకుండా మరుగు పెట్టుకుంది. ఇవ్వడానికి ఓ పట్టాన ఒప్పుకోలేదు, కొత్త రేకు కొనిస్తానని మాటిచ్చాక ఇచ్చింది.

శనివారం తొమ్మిదీ పదిహేనుకి కారు కదిలింది. వెనక సీట్లో దీవెన, పక్కన వాళ్ళమ్మ కరుణమ్మ. చర్చి కిలోమీటరుంపావు దూరం. బ్యాండువాళ్ళు ప్రతి మలుపులోనూ ఆగారు. ఒక మలుపులో కుర్రాళ్ళు పది నిమిషాలు గంతులేశారు. నా కళ్ళు రోడ్డు మీద కన్నా వేడి చూపించే ముల్లు మీదే ఉన్నాయి. అది లేచింది, ఇంకాస్త లేచింది, మధ్యగీత దగ్గరికొచ్చింది. వెనకనుంచి చిన్నగా వినబడింది.

"టీచర్, చెప్పులు విప్పెయ్యనా?"

"కూర్చో!" అన్నాను, క్లాసులో అన్నట్టే.

ముల్లు మధ్యగీత దగ్గరే ఆగిపోయింది. చర్చి గేటు దాకా ఇంక కదల్లేదు. పదీ అయిదుకి పెళ్ళికూతురు చెప్పులతోనే, కారులోంచే, గేటు దగ్గర దిగింది. నేనూ దిగాను. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది, రెండూ దాచుకోలేదు.

మా కారు పని అక్కడికి అయిపోయినట్టే. పెళ్ళీ, భోజనాలూ అయ్యాక తాళం తీసుకుని బయల్దేరబోతుంటే ప్రకాశరావుగారు వచ్చారు. ఊరేగింపంతా ఆయన మా కారు పక్కనే నడిచారు.

"టీచరుగారండీ, మీ బండి ముమ్మిడివరం దాకా వస్తుందాండీ?"

"ఎందుకండీ?"

"కోడలు ఇందులోనే వస్తానంటందండి. మావాడూ అదే అంటన్నాడు. నాకూ అదే బాగుందండి. మా కారులో చుట్టాలు సర్దుకుంటారు."

ఇరవై ఆరేళ్ళలో ఆ మాట ఎవరూ అడగలేదు. "వస్తుందండి" అన్నాను. వెనక తలుపు నేనే తీసి పట్టుకున్నాను.

ఒంటిగంటా నలభైకి బయల్దేరి మూడుంబావుకి ముమ్మిడివరం చేరాం. దారిలో వంతెన మీద గాలికి ముల్లు మధ్యగీత కిందికి దిగింది. పెళ్ళికొడుకు ఇంటి ముందు ఆపగానే ఆడవాళ్ళంతా చుట్టూ మూగారు. ఒక పెద్దావిడ బానెట్టు నిమిరి, పెళ్ళికూతుర్ని అడిగింది.

"ఎంత కళగా ఉందమ్మా! ఈ కారెవరిది?"

టీచరుగారిదని చెబుతుందనుకుని నేను కొంగు సర్దుకుని సిద్ధంగా ఉన్నాను.

"మాదేనండి" అంది దీవెన. "మా పేటది."

ఆ మాట అని నా వైపు చూడను కూడా లేదు. అంత మామూలుగా అంది. కాఫీ తాగి నాలుగున్నరకి ఒక్కదాన్నే తిరిగి బయల్దేరాను. వెనక సీటు నిండా మల్లెపూలు రాలి ఉన్నాయి. అమలాపురం దాటాక బండి పక్కకి తీసి ఆపి, మస్తాన్ గారికీ రాజుగారికీ ఫోను చేసి చెప్పాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పేది ఇంతే. కొలతలు దగ్గర పెట్టుకోండి. బండి ఎంత మెల్లగా నడుస్తుందో చెప్పండి. అందులో ఏం పోశారో దాచకండి.

ఆరూ పదికి ఇంటికొచ్చి, కాగితాల సంచి తీసి ఆర్సీ పుస్తకం తెరిచి చూశాను. యజమాని అన్నచోట నా పేరే ఉంది. ఇరవై ఆరేళ్ళుగా అది నిజమనే అనుకున్నాను.